యాక్సిలేటర్ పట్టేస్తోందంటే త్రాటిల్ బాడీ మార్చేయాల్సిందేనా?

మీరు రాసినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. మీది బీఎస్4 (బండి పొగ కాలుష్య ప్రమాణం) కాలపు చిన్న పెట్రోల్ పికప్, యాక్సిలేటర్ కేబుల్‌తో పనిచేస్తుంది, తాడిపత్రి నుంచి అనంతపురానికి నాపరాళ్లు తోలుతున్నారు. ఉదయం బండి తీసేటప్పుడు తొలిసారి తొక్కితే పెడల్ అతుక్కుపోయినట్టు బిగిసి, మరికాస్త నొక్కగానే ఒక్కసారిగా వదిలేయడంతో బండి ముందుకు దూకుతోంది. ఊళ్లోకి వచ్చాక కాలు తీసినా రేస్ వెంటనే దిగడం లేదు. ఒక షెడ్డులో తుప్పు వదిలించే స్ప్రే కొట్టి పంపితే కొన్నాళ్లు బాగుండి మళ్లీ మొదలైంది. ఇంకొక షెడ్డులో త్రాటిల్ బాడీ, అంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే భాగం, మొత్తం మార్చాలని చెప్పారు. మార్చాలా వద్దా అన్నది మీ సందేహం.

ఈ లక్షణాలను బట్టి చూస్తే మార్చవలసిన అవసరం చాలావరకు ఉండదు. అయితే శుభ్రం చేసి ఊరుకుంటే కూడా పని పూర్తయినట్టు కాదు. పట్టేస్తున్నది పెడల్ దగ్గరా, కేబుల్‌లోనా, త్రాటిల్ బాడీలో గాలి దారిని తెరిచి మూసే ప్లేటు దగ్గరా అన్నది ముందు తేల్చుకోవాలి. ప్లేటే అయితే ఆ మురికి ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టాలి. మీరు వెళ్లిన రెండు షెడ్లలోనూ ఈ రెండు పనులూ జరిగినట్టు మీ ఉత్తరంలో కనబడలేదు.

మరమ్మతు సంగతికి వచ్చేముందు ఒక మాట. కాలు తీసినా రేస్ దిగని బండిని లోడుతో రోడ్డు మీదికి తీసుకువెళ్లకండి. ముఖ్యంగా కడప, రాయచోటి మధ్య గువ్వలచెరువు ఘాట్ వంటి దారిలో ఇది ప్రాణాల మీదికి వచ్చే వ్యవహారం. నడుస్తుండగా ఎప్పుడైనా పూర్తిగా పట్టేస్తే బ్రేకును ఒక్కసారిగా గట్టిగా తొక్కి అలాగే పట్టుకుని, క్లచ్ తొక్కి న్యూట్రల్ చేసి, బండిని పక్కకు తీసి ఆపిన తరువాతే ఇంజిన్ ఆపాలి. బ్రేకును పదేపదే తొక్కి వదలకూడదు. బ్రేకు తొక్కడాన్ని తేలిక చేసే బ్రేక్ బూస్టరుకు కావలసిన వ్యాక్యూమ్ ఇంజిన్ పీల్చుకోవడం వల్ల పుడుతుంది. త్రాటిల్ తెరుచుకుని ఉన్నప్పుడు ఆ వ్యాక్యూమ్ బాగా తగ్గిపోతుంది కనుక బూస్టరులో నిలవ ఉన్నది ఒకటి రెండు తొక్కులకే అయిపోయి, ఆ తరువాత పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. న్యూట్రల్‌లో ఇంజిన్ అరుస్తుంది, దానికి భయపడనక్కరలేదు, ఇంజెక్షన్ బండ్లలో ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ (ఈసీయూ) ఒక హద్దు దాటనివ్వదు. కదులుతున్న బండిలో తాళంచెవి మాత్రం బయటికి లాగవద్దు, స్టీరింగ్ లాక్ పడుతుంది.

ఇక పరీక్ష. ఇంజిన్ ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి మొదలుపెట్టండి. మొదట డ్రైవరు కాళ్ల దగ్గర ఉన్న మ్యాట్ తీసేయండి. మన వైపు చాలామంది కంపెనీ మ్యాట్ మీద ఇంకొక రబ్బరు మ్యాట్, దాని మీద గోనె పట్టా వేస్తుంటారు. అది ముందుకు జరిగి పెడల్ కిందకో మీదకో ఎక్కడం నేను తరచుగా చూసే సంగతే. తరువాత సీటు ఎత్తి, ఇంజిన్ దగ్గర త్రాటిల్ బాడీ పక్కన అర్ధచంద్రాకారంలో ఉండే, కేబుల్ చుట్టుకునే క్వాడ్రంట్ నుంచి కేబుల్ కొసను విడదీయండి. ఇప్పుడు క్వాడ్రంట్‌ను చేత్తో తిప్పండి. మొదటి కదలికలోనే అతుక్కున్నట్టు అనిపించి తరువాత తేలికగా తిరిగితే తప్పు ప్లేటుది. మొదటినుంచీ తేలికగా తిరిగి, వదలగానే 'టక్' మని మూసుకుంటే ప్లేటు బాగానే ఉంది, కేబుల్‌నూ పెడల్‌నూ చూడాలి. ఎక్కడ పట్టుకుంటే అక్కడే నిలబడిపోతున్నా, మెల్లగా నీరసంగా వెనక్కి వస్తున్నా ప్లేటు తిరిగే ఇరుసు (షాఫ్టు) బిగుసుకోవడమో ప్లేటును వెనక్కి మూసే రిటర్న్ స్ప్రింగు సడలడమో జరిగి ఉంటుంది.

కేబుల్ విడిగా ఉన్నప్పుడే దాని సంగతి కూడా తేల్చేయవచ్చు. లోపలి తీగను ఒక చేత్తో లాగుతూ ఇంకొకరిని పెడల్ తొక్కి వదలమనండి. గరగరలాడితే, ఆగి ఆగి కదిలితే కేబుల్ మార్చడమే మంచిది. రెండు కొసల దగ్గర తీగ పోగులు విడిపోయాయేమో చూడండి. ఒక్క పోగు తెగి నిక్కినా అది తొడుగు అంచుకు తగులుకుని, తొక్కినప్పుడు వెళ్లి వదిలినప్పుడు రానని మొండికేస్తుంది. సీటు కింద ఇంజిన్ ఉండే బండ్లలో కేబుల్ చాలా మలుపులు తిరిగి వస్తుంది. ఎవరో ఎప్పుడో ఏదో పని చేసి దాన్ని తిరిగి క్లిప్పుల్లో పెట్టకపోతే ఎగ్జాస్ట్ వేడికి తొడుగు కరిగి లోపలి తీగను పట్టేస్తుంది. లోపల ప్లాస్టిక్ పూత ఉన్న కేబుల్‌లో ఆయిల్ పోయకండి. ఆయిల్‌కు రాతిపొడి అంటుకుంటే అదే ఆకురాయిలా తీగను అరగదీస్తుంది.

మీ విషయంలో ఉదయం తొలి తొక్కులోనే బిగుసుకుని, తరువాత దూకుతోందన్నారు కనుక ప్లేటే దోషి అని నా అంచనా. దాని కారణం చూద్దాం. ఇంజిన్ లోపల పిస్టన్ రింగులను దాటి కిందికి దిగే వాయువులు ఆయిల్ ఆవిరిని వెంటబెట్టుకుని బ్రీదర్ పైపు ద్వారా, ఆ వాయువులను అదుపు చేసి పంపే పీసీవీ వాల్వు ద్వారా మళ్లీ ఇంజిన్ పీల్చుకునే గాలిలోకే వస్తాయి. కాలుష్యం తగ్గించడానికి చేసిన ఏర్పాటు అది, లోపం కాదు. బండి ఆపగానే గాలి ప్రవాహం ఆగిపోతుంది. వేడిగా ఉన్న ఇంజిన్ నుంచి లేచిన ఆ ఆవిరి త్రాటిల్ ప్లేటు మీద, దాని చుట్టూ ఉన్న గాలి దారి (బోరు) గోడ మీద పేరుకుని, రాత్రంతా ఆరి జిగురవుతుంది. మూసుకున్న ప్లేటుకూ బోరుకూ మధ్య సందు వెంట్రుకవాసి. అందులో ఆ జిగురు చేరితే ఉదయానికి ప్లేటు అంచు గోడకు అతుక్కుంటుంది. మీరు తొక్కినప్పుడు మొదట ఆ జిగురు పట్టు వీడాలి. అది వీడే క్షణానికి మీ కాలు అవసరానికి మించిన బలంతో నొక్కి ఉంటుంది కనుక ప్లేటు ఒక్కసారిగా ఎక్కువ తెరుచుకుని బండి దూకుతుంది.

తుప్పు వదిలించే స్ప్రే కొన్నాళ్లకే వమ్ము కావడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. అది జిగురును కొంత కరిగిస్తుంది గాని వెనుక పలుచటి నూనె పొరను మిగిల్చిపోతుంది. తాడిపత్రి పాలిషింగ్ మిషన్ల దగ్గర గాలిలో తేలే మెత్తటి రాతిపొడికి ఆ పొర వంటి చోటు ఇంకెక్కడ దొరుకుతుంది? బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు తిరిగే బండ్లకూ ఇదే తంటా. కనుక త్రాటిల్ బాడీ క్లీనర్ అని స్పష్టంగా రాసి ఉన్న, ఆరిపోయాక ఏమీ మిగల్చని స్ప్రే మాత్రమే కొనండి.

శుభ్రం చేయడానికి బాడీని విప్పి తీయడమే నాకు ఇష్టం. గొట్టం తీసి ముందు వైపునుంచి స్ప్రే కొట్టడం వేగంగా అయిపోతుంది గాని, అసలు మురికి ప్లేటు వెనుక, అంటే ఇంజిన్ వైపు ఉంటుంది. ముందునుంచి చూస్తే మెరుస్తున్న ప్లేటు వెనక్కి తిప్పితే తారు పూసినట్టు ఉండటం మామూలే. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. ఎయిర్ ఫిల్టరు నుంచి వచ్చే గొట్టం, కేబుల్, సెన్సార్ల కనెక్టర్లు తీయండి. కనెక్టర్లను తీగ పట్టుకుని లాగకుండా లాక్ నొక్కి తీయాలి, ఈ వేడికి ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంటుంది. కొన్ని బండ్లలో కూలెంట్ పైపులు కూడా త్రాటిల్ బాడీ గుండా వెళ్తాయి. అవి ఉంటే ఇంజిన్ పూర్తిగా చల్లారాకే వాటిని ముట్టుకోవాలి, కారిన కూలెంట్‌ను తరువాత నింపాలి. నాలుగు బోల్టులు విప్పి బాడీని బయటికి తీశాక ఇంజిన్ వైపు నోటిని శుభ్రమైన గుడ్డతో మూసేయండి. అందులో పడిన చిన్న నట్టు ఒక్కటి ఇంజిన్‌నే విప్పిస్తుంది.

ఇప్పుడు వేలు పెట్టి మురికిని చూడండి. ఈ అర నిమిషం పని ఎవరూ చేయరు గాని మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంటుంది. నల్లగా, జిడ్డుగా, వేలికి సాగుతూ అంటుకుంటే అది బ్రీదర్ ఆయిల్. వేళ్ల మధ్య రుద్దితే ఇసుకలా గరుగ్గా తగులుతూ బూడిద రంగులో ఉంటే ఫిల్టరును తప్పించుకుని వచ్చిన రాతిపొడి. జిడ్డు లేని పొడి మసి అయితే ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) నుంచి గాని, ఇన్‌టేక్‌లో, అంటే గాలి లోపలికి వెళ్లే దారిలో, పేలుడు నుంచి గాని వచ్చినది. బయట సీఎన్జీ కిట్టు పెట్టించిన పాత పద్ధతి బండ్లలో, గ్యాసు మిక్సర్ త్రాటిల్‌కు ముందు ఉన్నప్పుడు, ఇలాంటి పేలుళ్లు వస్తుంటాయి. గట్టిగా పేలితే ఫిల్టరు డబ్బా పగలడమే గాక ప్లేటు వంగే అవకాశమూ ఉంది.

స్ప్రేను మెత్తటి నూలు గుడ్డ మీద కొట్టి, దానితో బోరును, ప్లేటు రెండు వైపులను, ముఖ్యంగా దాని అంచును తుడవండి. మొండి మరకలకు పాత టూత్ బ్రష్ చాలు. ఎమరీ కాగితం, తీగ బ్రష్, స్క్రూడ్రైవర్ కొస దగ్గరికి రానివ్వవద్దు. కొన్ని కంపెనీలు బోరు లోపల, ప్లేటు అంచున నల్లటి సన్నని పూత వేస్తాయి. మూసుకున్నప్పుడు గాలి కారకుండా చూసేది అదే. దాన్ని మురికి అనుకుని గీకేస్తే ఐడ్లింగ్ (కాలు తీసినప్పుడు ఇంజిన్ నెమ్మదిగా తిరగడం) ఇక ఎన్నటికీ కుదురుగా ఉండదు. సెన్సార్ ఉన్న వైపు కిందికి వచ్చేలా బాడీని పట్టుకుని షాఫ్టు మీద స్ప్రే వరదలా కొట్టకండి, ద్రవం షాఫ్టు వెంట కారి, ప్లేటు ఎంత తెరుచుకుందో చెప్పే త్రాటిల్ పొజిషన్ సెన్సార్ లోపలికి చేరుతుంది. ఐడ్లింగ్ గాలి వెళ్లే పక్కదారిని, ఆ వాల్వు కొసను కూడా తుడవాలి గాని వాల్వు మోటారును నానబెట్టకూడదు. ప్లేటును షాఫ్టుకు బిగించిన రెండు స్క్రూలను విప్పవద్దు. వాటి వెనుక కొసలు కదలకుండా కొట్టి బిగించి ఉంటాయి. ఒకసారి విప్పినవి మళ్లీ అంత గట్టిగా నిలవవు, ఊడితే నేరుగా సిలిండర్లోకి పోతాయి. ఈ పనంతా నీడలో, గాలి ఆడే చోట, బీడీ సిగరెట్లకు దూరంగా జరగాలి.

శుభ్రం చేశాక బాడీని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని మూసిన ప్లేటు చుట్టూ చూడండి. అన్ని వైపులా సమానంగా, దారమంత సన్నటి వెలుగు కనిపిస్తే, లేదా ఏమీ కనిపించకపోతే మంచిదే. ఒక పక్క వెడల్పుగా, రెండో పక్క తాకుతూ ఉంటే ప్లేటు కేంద్రం తప్పిందనో షాఫ్టు బుష్ అరిగిందనో అర్థం. షాఫ్టు కొసను పట్టుకుని పైకి కిందికి ఆడించినా ఆ అరుగుదల చేతికి తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక స్క్రూ గురించి గట్టిగానే చెప్పాలి. క్వాడ్రంట్ వెనక్కి వచ్చి ఆనుకునే చోట చిన్న స్టాప్ స్క్రూ ఉంటుంది, చాలా బండ్లలో దాని తల మీద రంగు చుక్క గాని మైనపు ముద్ర గాని ఉంటుంది. ప్లేటు పూర్తిగా మూసుకుని బోరులో ఇరుక్కోకుండా ఫ్యాక్టరీలో కొలిచి పెట్టిన హద్దు అది. కార్బ్యురేటర్ కాలం అలవాటుతో ఐడ్లింగ్ తక్కువైతే దాన్ని బిగించడం, ఎక్కువైతే వదులు చేయడం చాలా షెడ్లలో ఇంకా జరుగుతోంది. వదులు చేస్తే ప్లేటు అంచు గోడకు ఆనుకుని, ఎంత శుభ్రం చేసినా ప్రతి ఉదయం పట్టేస్తుంది. బిగిస్తే మూసిన స్థితిలో సెన్సార్ పంపే వోల్టేజీ మారి, కాలు తీసిన సంగతి ఈసీయూకు తెలియకుండా పోతుంది. మీ బండిలో ఆ ముద్ర చెదిరి ఉంటే మీ తిప్పలకు మూలం అదే కావచ్చు. మల్టీమీటర్ ఉన్నవారు సెన్సార్ సిగ్నల్ తీగ దగ్గర కొలిస్తే సాధారణంగా మూసినప్పుడు అర వోల్టు దగ్గర, పూర్తిగా తెరిచినప్పుడు నాలుగు నుంచి నాలుగున్నర వోల్టుల మధ్య చూపాలి. మెల్లగా తెరుస్తున్నప్పుడు మధ్యలో ఎక్కడా తటాలున పడిపోకుండా పెరగాలి.

తిరిగి బిగించేటప్పుడు కొత్త ప్యాకింగ్ వేయండి. బోల్టులను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. ఇవి చాలావరకు ఎమ్6 బోల్టులు, 10 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల బిగింపు సరిపోతుంది, మీ బండి సర్వీస్ మాన్యువల్లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. పొడుగాటి పానాతో బలమంతా చూపిస్తే అల్యూమినియం బాడీ మెలిపడి, శుభ్రం చేసిన ప్లేటు మళ్లీ గోడకు తాకుతుంది. కేబుల్ తగిలించాక ఇద్దరు మనుషులతో రెండు సంగతులు చూడండి: పెడల్ వదిలినప్పుడు కేబుల్‌లో కొన్ని మిల్లీమీటర్ల వదులు ఉండాలి, పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు ప్లేటు పూర్తిగా తెరుచుకోవాలి.

స్టార్ట్ చేయగానే రేస్ మునుపటికన్నా ఎక్కువగా ఉంటే కంగారు పడకండి. ఇన్నాళ్లూ మురికి గాలిని అడ్డుకుంటుంటే ఈసీయూ ఆ లోటును పూడ్చడానికి ఐడ్లింగ్ వాల్వును ఎక్కువ తెరవడం అలవాటు చేసుకుని ఉంటుంది. ఇప్పుడు దారి తేటపడింది, పాత లెక్క ఇంకా మిగిలింది. లైట్లు, ఏసీ అన్నీ ఆపి, యాక్సిలేటర్ ముట్టకుండా ఇంజిన్ వేడెక్కి ఫ్యాన్ తిరిగేదాకా నడవనిస్తే చాలా బండ్లు తామే సర్దుకుంటాయి. కొన్నింటికి మాత్రం స్కానర్ (ఈసీయూను చదివే పరికరం) పెట్టి కొత్తగా నేర్పవలసి వస్తుంది. వేడెక్కాక రేస్ నిమిషానికి 700 నుంచి 900 చుట్ల మధ్య స్థిరపడాలి. అప్పటికీ దిగకపోతే, స్కానర్లో ఐడ్లింగ్ ఎక్కువగా ఉందని చెప్పే పీ0507 కోడ్ కనిపిస్తే, ప్లేటును మళ్లీ అనుమానించే ముందు ప్యాకింగ్ దగ్గర, చీలిన వ్యాక్యూమ్ పైపుల దగ్గర దొంగగాలి పీలుస్తోందేమో వెతకండి. 'స్స్' మన్న శబ్దం చెవికే వినిపిస్తుంది.

ఇప్పుడు మురికి పుట్టిల్లు చూడాలి. మీ వేలికి రాతిపొడి తగిలిందంటే ఫిల్టరు డబ్బా మూత సరిగా కూర్చోవడం లేదు. క్లిప్పులు విరిగితే రబ్బరు బ్యాండు వేసి తిరిగే బండ్లు మన దగ్గర కొల్లలు. ఫిల్టరు తరువాతి గొట్టం లోపల తెల్లటి గుడ్డతో తుడిచి చూడండి, అక్కడ పొడి ఉంటే కొత్త ఫిల్టరు వేసినా ప్రయోజనం లేదు, ముందు డబ్బా అంచును, గొట్టం చీలికలను బాగు చేయాలి. ఫిల్టరును గాలితో దులిపేటప్పుడు లోపలినుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో, కొంత దూరంనుంచి కొట్టాలి. పాలిషింగ్ మిషన్ల మధ్య తిరిగే బండికి బుక్కులో రాసిన గడువుదాకా ఆగకుండా సగంలోనే ఫిల్టరు మార్చడం నేను చెప్పే లెక్క, అది ఖర్చులా కనిపించినా రింగుల అరుగుదల ముందు ఏపాటిది కాదు.

జిడ్డు నల్లగా ఉంటే డిప్‌స్టిక్ తీసి ఆయిల్ పై గీత దాటిందేమో చూడండి. "కొంచెం ఎక్కువుంటే మంచిదే" అని పోసే ఆయిల్ చివరికి త్రాటిల్ బాడీలోనే తేలుతుంది. తరువాత పీసీవీ వాల్వు తీసి చెవి దగ్గర ఊపండి. చాలా రకాల వాల్వులు లోపల కదులుతూ గలగలమంటాయి, అలాంటి వాల్వు మూగబోయిందంటే జిగురుతో పూడుకుపోయిందని, మార్చవలసిందేనని అర్థం. ఆ పైన ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత జాగ్రత్తగా తెరవండి. పొగ ఆవిరిలా బలంగా ఎగదన్నుతుంటే రింగులు అరిగి వాయువులు ఎక్కువగా కిందికి దిగుతున్నాయి. అటువంటి ఇంజిన్‌లో త్రాటిల్ ఎన్నిసార్లు తుడిచినా మళ్లీ అంటుకుంటుంది, కంప్రెషన్ పరీక్ష చేయించుకోక తప్పదు.

ఇదే తిప్పలు బీఎస్6 బండ్లలో పడుతున్న మిత్రులకు ఒక హెచ్చరిక. 2020 ఏప్రిల్ తరువాత వచ్చిన వాటిలో చాలావాటికి కేబుల్ ఉండదు, ప్లేటును మోటారే తిప్పుతుంది. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా వేలితో నెట్టి చూడవద్దు, ప్లేటు ఉన్నట్టుండి మూసుకుని వేలిని నలిపేస్తుంది, లోపలి ప్లాస్టిక్ పళ్లు కూడా విరుగుతాయి. కరెంటు లేనప్పుడు ప్లేటు కొద్దిగా తెరుచుకుని నిలబడటం వాటి స్వభావం, అది పట్టేయడం కాదు. స్కానర్లో పీ2111 వస్తే తెరుచుకుని పట్టేసినట్టు, పీ2112 వస్తే మూసుకుని పట్టేసినట్టు. డీజిల్ పికప్‌ల సంగతి వేరు. వాటిలో రేస్‌ను నిర్ణయించేది డీజిల్ పరిమాణం. గాలి దారిలో ప్లేటు ఉన్నా అది ప్రధానంగా ఈజీఆర్ పని కోసం, ఇంజిన్ మెత్తగా ఆగడం కోసం పెట్టినది, కనుక పైన చెప్పిన పరీక్షలను వాటికి వర్తింపజేయకండి.

చివరిగా మార్చడం గురించి. షాఫ్టు ఆడుతున్నా, బోరు గోడపై గోరుకు తగిలేంత గాడి పడినా, ప్లేటు వంగినా, పూత గీకిపోయి ఐడ్లింగ్ నిలవకపోయినా కొత్తది తీసుకోండి. స్ప్రింగు సడలినందుకు బయట ఇంకొక స్ప్రింగు కట్టి నడపడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. అది తెగిన రోజు ప్లేటును మూసేది ఏదీ ఉండదు. పాత సామాన్ల దుకాణంలో కొనదలిస్తే మీ బండి ఇంజిన్ నంబరు, పార్టు నంబరు రెండూ సరిపోల్చుకుని, స్టాప్ స్క్రూ ముద్ర చెదరని దాన్నే ఎంచుకోండి. మీరు ముందు కేబుల్ విడదీసి క్వాడ్రంట్ తిప్పి చూసి, వేలికి తగిలిన మురికి రంగు ఏమిటో, స్క్రూ మీద ముద్ర ఉందో లేదో ఇక్కడ రాయండి. వీలైతే ప్లేటు వెనుక వైపు ఫొటో కూడా జతచేస్తే, కొత్తది కొనాలో అక్కరలేదో అప్పుడు ఖాయంగా చెప్పగలను.